వైరు ఎవరిదో చానల్ వాళ్లదే: విజయనగరం, శ్రీకాకుళంలో లోకల్ టీవీ ఎలా పుట్టింది, ఎందుకు చిక్కిపోయింది

క్లుప్తంగా: ఉత్తరాంధ్ర పట్టణాల్లో లోకల్ కేబుల్ చానళ్లు తగ్గిపోతున్నాయంటే జనానికి ఊరి వార్తల మీద ఆసక్తి పోయిందని కాదు. ఒకప్పుడు ఊళ్లోని కంట్రోల్ రూమ్ చేతిలో ఉన్న కేబుల్ వైరు, డిజిటల్ పద్ధతి వచ్చాక ఎక్కడో దూరాన ఉన్న పెద్ద హెడ్‌ఎండ్ (చానళ్లన్నింటినీ కలిపి వైరులోకి పంపే కేంద్రం) చేతికి వెళ్లింది. ఆదాయం లెక్కా మారింది, రూల్సూ మారాయి. యూట్యూబ్ ఆ ఖాళీలో కొంత పూడ్చింది, కొంత పూడ్చలేదు.

పైడితల్లి సిరిమానోత్సవం నాడు విజయనగరం వెళ్లలేనివాళ్లు ఇంట్లో టీవీ పెట్టి లోకల్ చానల్ వెతుక్కోవడం ఈ ప్రాంతంలో పాత అలవాటే. ఇప్పుడు రిమోట్ నొక్కుతూ పోతే వందల చానళ్లు వస్తాయి కానీ ఊరి చానల్ ఏ నంబర్లో ఉందో చాలామందికి తెలియదు, కొన్ని ఇళ్లలో అసలు రాదు, పక్కింట్లో వేరే కంపెనీ బాక్సు ఉంటే అక్కడ వస్తుంది. "చానల్ మూసేశారా? మా కేబుల్ వాళ్లు తీసేశారా? యూట్యూబ్‌లో మాత్రం వస్తోందే?" అనే ప్రశ్నలు అక్కడినుంచి పుట్టినవే. మూడింటికీ జవాబు ఒకేచోట దొరుకుతుంది, కాకపోతే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆకాశం నుంచి వచ్చే టీవీకి ఊరు తెలియదు

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. శ్రీకాకుళం నుంచి చూస్తే అది ఏడు వందల కిలోమీటర్ల దూరం, ఇక్కడి మాట అక్కడి తెర మీదికి ఎక్కడం మామూలు సంగతి కాదు. 1982లో ఢిల్లీ నుంచి జాతీయ ప్రసారాలు, కలర్ టీవీ వచ్చాయి, ఆ తర్వాత దేశమంతా చిన్న రిలే ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు. వాటిలో చాలావరకు 100 వాట్లవి, చుట్టూ కొద్ది కిలోమీటర్లు మాత్రమే అందేవి, పైగా మొదట్లో అవి ఎక్కువగా ఢిల్లీ కార్యక్రమాలనే తిరిగి ప్రసారం చేసేవి. పెంకుటింటి మీద కర్రకు కట్టిన యాంటెన్నా, గాలికి తిరిగిపోతే మేడెక్కి "ఇప్పుడొచ్చిందా?" అని కేకేసే మనిషి, కింద 1987 నాటి ఆదివారం రామాయణం, ఆ కాలం టీవీ అంటే ఇదే.

తర్వాత ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చాయి. జెమినీ, ఈటీవీ రెండూ 1995లోనే మొదలయ్యాయి, 2004లో టీవీ9 రాకతో తెలుగులో ఇరవై నాలుగ్గంటల వార్తల జోరు పెరిగింది. అయినా ఊరి వార్తకు చోటు పెరగలేదు. దానికి కారణం ఉపగ్రహమే. పత్రికకు జిల్లా ఎడిషన్ వేసుకునే వెసులుబాటు ఉంది. శ్రీకాకుళానికి వేరే పేజీలు, విజయనగరానికి వేరే పేజీలు అచ్చేసి ఎక్కడివి అక్కడికి పంపొచ్చు. ఉపగ్రహ చానల్‌కి ఆ దారి లేదు. ఇచ్ఛాపురంలో కనిపించే నిమిషమే అనంతపురంలోనూ కనిపిస్తుంది, కాబట్టి ఆ నిమిషం అందరికీ పనికొచ్చేదై ఉండాలి. నాగావళికి వరదొస్తే రాష్ట్ర చానల్లో రెండు ముక్కలు వస్తాయి. గొట్టా బ్యారేజీ నుంచి వంశధారలోకి ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ఏ రోడ్డు మునిగింది, బస్సు ఎక్కడిదాకా వెళుతోంది అన్న వివరాలు ఏటి ఒడ్డున ఉన్నవాళ్లకు కావాలి, వాళ్లకు తప్ప మిగతా రాష్ట్రానికి వాటితో పని లేదు.

ఆ వివరాలకు చోటిచ్చింది వైరు. వైరు ఊరి పొలిమేరలోనే ఆగిపోతుంది. వ్యాపారానికి అది లోటే, లోకల్ చానల్‌కి మాత్రం అదే బలం.

మేడ మీద డిష్‌లు, కింద ఒక గది

కేబుల్ కంట్రోల్ రూమ్ ఎలా ఉండేదో చూసినవాళ్లకు లోకల్ చానల్ పుట్టుక వెంటనే అర్థమవుతుంది. మేడ మీద మూడు నాలుగు పెద్ద డిష్‌లు. కింద గదిలో ఇనప ర్యాకు, అందులో ఒక్కో చానల్‌కి ఒక రిసీవరు, దాని పక్కన ఒక మాడ్యులేటరు. ఈ మాడ్యులేటర్ల పని ఒక్కో చానల్‌ని ఒక్కో ఫ్రీక్వెన్సీలో కూర్చోబెట్టడం. అన్నింటినీ కలిపి ఒకే నల్ల వైరులోకి పంపిస్తే, అది స్తంభం నుంచి స్తంభానికి, మేడ నుంచి మేడకు పాకుతూ, సిగ్నల్ బలహీనపడిన చోటల్లా ఒక యాంప్లిఫయర్ పెట్టించుకుంటూ వీధులన్నీ తిరిగేది. అనలాగ్ పద్ధతిలో ఒక్కో చానల్‌కి 7 లేదా 8 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలి. ర్యాకులో ఒక్క మాడ్యులేటరు ఖాళీగా ఉందంటే ఊళ్లో ఒక టీవీ చానల్‌కి చోటున్నట్టే. దానికి వీసీఆర్ తగిలిస్తే సినిమా చానల్, కెమెరా తగిలిస్తే లైవ్, కంప్యూటర్ తగిలిస్తే స్క్రోలింగ్.

ఇంత తేలిక కాబట్టే చానల్ పెట్టడం పెద్ద నిర్ణయంగా ఉండేది కాదు. మన పట్టణాల్లో అందరిదీ దాదాపు ఇదే దారి. మొదట వీడియో క్యాసెట్ సినిమాలు, అందులో కాపీరైట్ లేకుండా వేసేవి బోలెడు, వాటి మీద గొడవలూ కేసులూ నడిచాయి. ఆ తర్వాత భక్తి పాటలు, ఆ తర్వాత సాయంత్రం అరగంట సిటీ న్యూస్, మర్నాడు పొద్దున్న దానికే రిపీట్. కెమెరామన్ కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు, పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లే ముహూర్తాలు లేని రోజుల్లో వార్తలు తీసేవారు. అందుకేనేమో పాత సిటీ న్యూస్ చూస్తే మున్సిపల్ మీటింగ్ కూడా పెళ్లి వీడియోలా ఉండేది, ముందు వరసలో ఉన్నవాళ్లందరి మొహాల మీదా కెమెరా ఒక్కో క్షణం ఆగి ముందుకు కదిలేది. ఎవరు వచ్చారో చూపించడం అక్కడ వార్తలో భాగం, తనని తాను తెర మీద చూసుకున్నవాడు ఆ చానల్‌ని మర్చిపోడు.

భాష సంగతి వేరేగా చెప్పుకోవాలి. రాష్ట్ర చానళ్ల యాంకర్ల తెలుగు అంతా ఒకే మూసలో ఉంటుంది, ఉత్తరాంధ్ర యాస అక్కడ వినిపిస్తే ఎక్కువగా కామెడీలోనే. లోకల్ చానల్ మైకు ముందు రైతుబజారులో కూరలమ్మే మనిషి "ఏటి సేస్తామండి, రేటు నేదు" అంటే అది అలాగే వెళ్లేది, ఎవరికీ వింతగా అనిపించేది కాదు.

సిరిమానోత్సవం లైవ్ కూడా ఈ వైరు వల్లే సాధ్యమైంది. దసరా తర్వాత మంగళవారం, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట వరకు సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) మూడుసార్లు తిరుగుతుంది. దారి చిన్నది, ముందే తెలిసినది, కేబుల్ వైరు అప్పటికే ఆ వీధుల్లో ఉంది. దారి పక్క మేడ మీద కెమెరా పెట్టి అక్కడినుంచి కంట్రోల్ రూమ్ దాకా ఒక వైరు లాగితే చాలు, కోట్ల ఖరీదు చేసే ఓబీ వ్యాన్ (లైవ్ పంపే సరంజామా ఉన్న బండి) అవసరం లేదు. అరసవల్లిలో రథసప్తమికి కూడా సూత్రం ఇదే.

చానల్‌ని నిలబెట్టిన డబ్బు ఏది

వార్తలు లోకల్ చానల్‌కి పేరు తెచ్చాయి గానీ దాన్ని పోషించింది అవి కావు. తెర కింద పరిగెత్తే స్క్రోలింగ్ కొంత పోషించింది. బట్టల షాపు ఆషాఢం తగ్గింపు, కోచింగ్ సెంటర్ ర్యాంకులు, పర్సు పోయింది దొరికినవారు ఫలానా చోట ఇవ్వగలరు, రేపు ఫలానా వార్డులకు కుళాయి రాదు, ఫోటోతో పుట్టినరోజు శుభాకాంక్షలు, పెద్దకర్మ కబురు. పత్రికలో అంగుళం ప్రకటనకు కూడా ఆలోచించే చిన్న షాపువాడు ఇక్కడ రోజుకింత అని ఇచ్చి వెళ్లేవాడు, సాయంత్రానికి తన వీధివాళ్లు చూశామని చెప్పేవారు.

అసలు పోషణ మాత్రం కనెక్షన్ డబ్బులది. అనలాగ్ వైరులో ఏ ఇంటికి సిగ్నల్ వెళ్తోందో పై కంపెనీలకు తెలిసే మార్గం లేదు. ఆపరేటర్ చెప్పిన సంఖ్యే లెక్క, ఆ సంఖ్య అసలు కన్నా తక్కువగా చెప్పడం దేశమంతటా జరిగింది. పే చానళ్లకు కట్టాల్సింది తగ్గి, ఇళ్ల దగ్గర వసూలైన దానిలో ఎక్కువ భాగం ఊళ్లోనే మిగిలేది. అది పద్ధతి ప్రకారం సరైనది కాదు. కానీ సిటీ న్యూస్ రిపోర్టర్ జీతం, టేపుల ఖర్చు చాలాచోట్ల ఆ మిగులులోంచే వెళ్లాయన్నది గుర్తుపెట్టుకుంటేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

చట్టం విషయానికొస్తే చాలాకాలం ఏమీ లేదు. 1994లో ఆర్డినెన్స్, 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం వచ్చాయి. హెడ్ పోస్టాఫీసులో ఫారం నింపి 500 రూపాయలు కట్టి ఏటా రెన్యువల్ చేయించుకోవాల్సి వచ్చేది, దూరదర్శన్ చానళ్లు తప్పనిసరిగా చూపించాలి, కార్యక్రమాల కోడ్ పాటించాలి. కోడ్ మీరితే జిల్లా కలెక్టర్ వంటి అధికారులు ప్రసారం ఆపించవచ్చు. ఆపరేటర్ సొంతంగా నడిపే వార్తా చానల్‌కి వేరే లైసెన్స్ ఏదీ అడగలేదు. అటు ఉపగ్రహ వార్తా చానల్ పెట్టాలంటే కంపెనీకి 20 కోట్ల రూపాయల నెట్‌వర్త్ చూపించాలి, ఇటు పోస్టాఫీసు రసీదు సరిపోయేది. కెమెరా పట్టిన చిన్న మనిషికి ఈ మధ్యలో ఉన్న సందే బతుకుతెరువైంది.

సెట్‌టాప్ బాక్స్: చోటు పెరిగింది, తలుపు దూరమైంది

2011 చట్ట సవరణతో డిజిటల్ పద్ధతి తప్పనిసరి అయ్యింది. నాలుగు దశల్లో అమలు చేశారు. విశాఖపట్నం రెండో దశలో ఉంది, గడువు 2013 మార్చి 31. శ్రీకాకుళం, విజయనగరం లాంటి పట్టణాలు మూడో దశ, గడువు 2015 చివర. పల్లెలు నాలుగో దశ, 2016 చివర అన్నది 2017 మార్చికి జరిగింది. మధ్యలో కోర్టు కేసులు, బాక్సుల కొరత, అదో పెద్ద కథ.

సాంకేతికంగా చూస్తే లోకల్ చానల్‌కి మంచి రోజులు రావాలి. అనలాగ్‌లో ఒక్క చానల్ పట్టే 8 మెగాహెర్ట్జ్‌లో డిజిటల్‌లో పది చానళ్లకు పైగా ఇముడుతాయి. చోటు బోలెడు. జరిగింది మాత్రం వేరు. డిజిటల్ హెడ్‌ఎండ్ అంటే ఎన్‌కోడర్లు, మల్టీప్లెక్సర్, ఎవరికి ఏ చానల్ తెరవాలో చూసే సాఫ్ట్‌వేర్, చందాదారుల లెక్క రాసే సాఫ్ట్‌వేర్, అన్నీ లక్షల్లో కోట్లలో ఖర్చు. వెయ్యి రెండు వేల కనెక్షన్లున్న ఆపరేటర్ వల్ల కాదు. దాంతో చిన్నవాళ్లంతా పెద్ద ఎంఎస్ఓల (చిన్న ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీల) దగ్గర ఫైబర్ మీద ఫీడ్ తీసుకోవడం మొదలుపెట్టారు. ఊళ్లోని కంట్రోల్ రూమ్ పేరు అదే, ర్యాకు అదే, కానీ అందులో ఇక మిగిలింది పైనుంచి వచ్చిన దాన్ని కిందికి పంపే పనే.

ఖాళీ మాడ్యులేటర్‌కి కెమెరా తగిలించే రోజులు పోయాయి. బాక్సు ఎన్‌క్రిప్ట్ చేసిన సిగ్నల్‌నే చదువుతుంది, కాబట్టి ఊరి చానల్ కూడా పై హెడ్‌ఎండ్ లిస్టులో ఉండాలి. అంటే శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో తీసిన వార్త ఏ విశాఖో విజయవాడో వెళ్లి, అక్కడ మిగతా చానళ్లతో కలిసి, తిరిగి ఏడు రోడ్ల జంక్షన్‌కి రావాలి. ఆ పంపడానికి లైను కావాలి, అక్కడ ఒప్పుకునేవాళ్లు కావాలి, ఒప్పుకున్నా ఏ నంబరు ఇస్తారో వాళ్లిష్టం. మారుమూల నంబరు ఇస్తే చానల్ ఉండీ లేనట్టే.

డబ్బు సంగతి ఇంకా సూటిగా ఉంది. బాక్సు వచ్చాక ప్రతి కనెక్షన్ లెక్కలోకి వచ్చేసింది. 2019 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం, కేబుల్ రంగాల నియంత్రణ సంస్థ) కొత్త టారిఫ్‌లో నెట్‌వర్క్ ఫీజు, 2024లో ఆ పరిమితి తీసేసేదాకా, నెలకు గరిష్ఠంగా 130 రూపాయలు ఉండేది, పైన జీఎస్టీ. ఎంఎస్ఓకి, లోకల్ ఆపరేటర్‌కి వేరే ఒప్పందం కుదరకపోతే వాటా 55:45. అంటే ఇంటికి ఆపరేటర్‌కి దక్కేది గరిష్ఠంగా 58 రూపాయల 50 పైసలు, పే చానళ్ల మీద వచ్చే చిన్న కమీషన్ దీనికి అదనం. వీధిలో తెగిన వైరు అతికే కుర్రాడి జీతం, కరెంటు బిల్లు, బ్యాటరీలు ఇందులోనే. మనిషికి కెమెరా ఇచ్చి ఊరంతా తిప్పడానికి మిగులు ఏముంది? వసూలు లెక్క సరిచేయడం న్యాయమే, దానితోపాటు ఊరి వార్తకు వేరే ఆదాయం ఏదీ ఏర్పాటు కాలేదన్నదే అసలు లోపం.

2017 డిసెంబర్ 27న మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అని వచ్చింది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, ఇళ్లకు చేర్చే పని లోకల్ ఆపరేటర్లకే ఇచ్చారు. ఇంటర్నెట్ పల్లెలకు చేరడంలో అది పెద్ద మేలు. టీవీ వరకూ చూస్తే మాత్రం ఒకే పట్టణంలో చూసేవాళ్లు రెండు మూడు నెట్‌వర్కులుగా, మరి కొందరు సొంత డిష్‌లుగా విడిపోయారు. ఊరంతా ఒకేసారి ఒకే సిటీ న్యూస్ చూసే పరిస్థితి అక్కడితో ముగిసింది.

తుఫాన్లు వైరుని ఎంత దెబ్బతీశాయి

ఇది మన తీరానికి ప్రత్యేకమైన కారణం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, దాదాపు నాలుగేళ్లకు 2018 అక్టోబర్ 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర్లో తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, వాటితోపాటు స్తంభాలూ. కేబుల్ వైరు కరెంటు స్తంభాన్ని పట్టుకుని బతుకుతుంది, స్తంభం పడితే రెండూ పోతాయి. కాబట్టి ఊరి సమాచారం అత్యవసరమైన రోజునే ఊరి చానల్ మూగబోతుంది. తోటల మధ్య దూరదూరంగా ఉన్న ఇళ్లకు మళ్లీ వైరు లాగాలంటే పట్టణంలో కన్నా ఎక్కువ ఖర్చు, ఇంటికి వచ్చేది మాత్రం అంతే. అలాంటి చోట డిష్ కొనుక్కోవడం ఇంటివాళ్లకు తేలిక, కానీ డిష్‌లో ఊరి చానల్ రాదు.

వెయ్యి రూపాయల రిజిస్ట్రేషన్, ఒక చిక్కుముడి

2022 నవంబర్ 30న కేంద్ర సమాచార ప్రసార శాఖ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఆపరేటర్ సొంతంగా నడిపే చానళ్లను ప్లాట్‌ఫామ్ సర్వీసులు అంటారు. చానల్‌కి ఒక్కసారి 1000 రూపాయలు కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, మొత్తం చానళ్ల సామర్థ్యంలో 5 శాతం మించకూడదు, దానికి అదనంగా జిల్లాకు రెండు చానళ్లు. వార్తలు వేయాలంటే ఎంఎస్ఓ కంపెనీగా రిజిస్టర్ అయి ఉండాలి. వేసిన కార్యక్రమాల రికార్డింగ్ 90 రోజులు దాచాలి.

జిల్లాకు రెండు అన్నది మన ప్రాంతానికి బాగా కలిసొచ్చే మాట. అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లాలు మారి పార్వతీపురం మన్యం ఏర్పడింది, రెండు జిల్లాలున్న చోట మూడయ్యాయి. పాలకొండ శ్రీకాకుళం నుంచి మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. కలెక్టరేట్ మారిన ఊళ్లలో ఏ ఆఫీసు ఎక్కడన్నదే పెద్ద వార్త, అలాంటి వార్తకు జిల్లా చానల్ సరైన చోటు.

చిక్కుముడి మరో నిబంధనలో ఉంది. ఒక నెట్‌వర్క్‌లో వేసే కార్యక్రమం ఇంకో నెట్‌వర్క్‌కి ఇవ్వకూడదు. గుళ్ల నుంచి లైవ్‌కి మాత్రం మినహాయింపు ఉంది. అంటే పైడితల్లి గుడి నుంచి లైవ్ పంచుకోవచ్చు, కానీ ఆ ఉత్సవం నాటి ట్రాఫిక్ మళ్లింపు గురించిన సిటీ న్యూస్ పంచుకోకూడదు. ఉపగ్రహ చానల్‌కి పెట్టిన 20 కోట్ల షరతును ఎవరూ దొడ్డిదారిన దాటకూడదన్నది ఈ నిబంధన వెనక ఆలోచన, అందులో తప్పేమీ లేదు. చూసేవాళ్లు నాలుగు ముక్కలైన చిన్న పట్టణంలో మాత్రం ఒక్క ముక్కకే పరిమితమైన చానల్‌కి ప్రకటన ఎవరిస్తారు? పక్కింట్లో వచ్చి మనింట్లో రాకపోవడానికి కారణం కూడా చాలాచోట్ల ఇదే.

వైరు చేతిలో ఉన్నవాళ్లకు ఇంకో అధికారం కూడా ఉంటుంది, చూపించకుండా ఉండే అధికారం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనూ 2024లోనూ ప్రభుత్వం మారాక కొన్ని పెద్ద వార్తా చానళ్లే కేబుల్‌లో కనిపించకుండా పోయి, గొడవ ట్రిబ్యునల్‌కీ కోర్టుకీ వెళ్లింది. కోర్టుకి వెళ్లే స్తోమత ఉన్నవాళ్ల పరిస్థితే అది.

యూట్యూబ్ ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేకపోయింది

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చౌకయింది, రెండేళ్లు తిరక్కుండా లోగో ఉన్న మైకు, ఒక ఫోను ఉంటే చానల్ అన్న రోజులు వచ్చాయి. ఇక్కడ ఎవరి హెడ్‌ఎండ్‌నూ అడగక్కర్లేదు. అన్నింటికన్నా పెద్ద మార్పు, వైరు ఎన్నడూ చేరని మనుషులకు ఊరి వార్త చేరడం. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వరకూ వేటకు వెళ్తారు. 2018 చివర్లో అక్కడినుంచి వెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మన రెండు జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలయ్యారు. అలాంటి వలస కుటుంబాల్లో సగం మంది ఊళ్లో, సగం మంది రేవులో ఉంటారు. ఊళ్లో ఏం జరుగుతోందో రేవులో ఉన్నవాళ్లు చూడగలగడం కేబుల్ వల్ల అయ్యే పని కాదు.

అయితే వైరు పొలిమేరలో ఆగేది, యూట్యూబ్‌కి పొలిమేర లేదు. వ్యూస్ మీద డబ్బు వస్తుంది కనుక వార్డు కుళాయి వార్త కన్నా రాష్ట్ర రాజకీయ వార్త పెట్టడమే లాభం, దాంతో లోకల్ పేరుతో ఉన్న చానళ్లలో కూడా లోకల్ తగ్గిపోతోంది. ఫోన్ వాడని పెద్దవాళ్లకు అది అందదు. 2021 ఫిబ్రవరి ఐటీ రూల్స్ డిజిటల్ వార్తలకూ నియమావళి పెట్టాయి, కానీ ఫోన్ పట్టుకున్న ప్రతివాణ్నీ ఎవరు చూస్తారు? ఊళ్లో తప్పు వార్త వేస్తే మర్నాడు కంట్రోల్ రూమ్ మెట్లెక్కి అడిగే వీలు అప్పట్లో ఉండేది. చాలా వివాదాలు ఆ మెట్ల మీదే తేలిపోయేవి.

ఇకముందు ఏం జరగొచ్చు

2025 జనవరి నుంచి లోకల్ ఆపరేటర్ల రిజిస్ట్రేషన్ కూడా పోస్టాఫీసు నుంచి ఆన్‌లైన్‌కి మారింది, 5000 రూపాయలు కడితే అయిదేళ్లు చెల్లుతుంది. ఏటా తిరిగే పని తప్పింది కానీ ఆదాయం మారలేదు. బాగా సాగే అవకాశం ఉన్నది రెండు చోట్లా కాలుపెట్టిన చానల్‌కే. కేబుల్‌లో జిల్లా చానల్‌గా ఉంటూ, స్థానిక ప్రకటనలు నేరుగా తెచ్చుకుంటూ, అవే వార్తలు ఫోన్‌లోనూ ఇవ్వడం. వార్తను నెట్‌వర్కుల మధ్య పంచుకోవడానికి జిల్లా వరకైనా సడలింపు ఇస్తే పరిస్థితి చాలా మారుతుంది, గుడి లైవ్‌కి ఇచ్చినప్పుడు వరద హెచ్చరికకు ఇవ్వకూడని కారణం కనిపించదు.

వీటన్నింటికన్నా తొందరగా చేయాల్సిన పని మరొకటి ఉంది. ముప్పై ఏళ్ల పట్టణ జీవితం, సిరిమాను ఊరేగింపులు, నాగావళి వరదలు, ఇప్పుడు లేని సినిమా హాళ్లు, కట్టక ముందు నాటి ఫ్లైఓవర్ల చోటు, ఇదంతా పాత కంట్రోల్ రూముల బీరువాల్లో టేపుల మీద ఉంది. చాలావాటి మీద టేపు ఖరీదుకు భయపడి మళ్లీ మళ్లీ రికార్డు చేసేశారు. మిగిలినవాటికి సముద్రపు గాలి తేమ శత్రువు. వీసీఆర్‌ల తయారీ ప్రపంచంలోనే 2016లో ఆగిపోయింది, పనిచేసేవి రిపేరు షాపుల్లో వెతికితే దొరకాలి. క్యాసెట్ మూత ఎత్తి చూస్తే రీలు అంచున తెల్లగా బూజు కనిపిస్తుంది. దాన్ని తుడవకుండా ప్లేయర్‌లో పెడితే టేపూ పోతుంది, ప్లేయర్ హెడ్డూ పోతుంది, కాబట్టి ముందు శుభ్రం చేయించి, ఒక్కసారే నడిపి, ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి.